‘చివరకు మిగిలేది’లో ‘మిగిలేది’

బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ చదవడం పూర్తిచేసి నాలుగు రోజులైంది, ఇంకా ఆ పేరు దగ్గరే ఆగిపోయి ఉన్నాను. వాడుకలో ఈ రూపానికి రెండు అర్థాలున్నాయి కదా. "అప్పట్లో సాయంత్రం ఓ గంట మిగిలేది" అంటే ఒకప్పుడు మిగులుతుండేది, ఇప్పుడు లేదని. "ఇక మిగిలేది మనిద్దరమే" అంటే ముందుముందు ఉండబోయేది. ‘చివరకు’ అని ఉంది కాబట్టి నవల పేరుకి రెండో అర్థమే కుదురుతుంది, కానీ ఈసారి నాకు మొదటిది కూడా వినపడుతూనే ఉంది.

ఇరవై ఏళ్లప్పుడు సగంలో వదిలేశాను. కథ కదలదు, కథానాయకుడు దయానిధి డాక్టరై ఉండి కూడా ఎప్పుడూ ఏదో ఆలోచిస్తూ ఊగిసలాడుతుంటాడని విసుగొచ్చింది. అమ్మ పోయిన ఏడాదికి మళ్లీ అదే ప్రతి తెరిస్తే, అప్పుడు ఆపిన చోట మడిచిన పేజీ మూల అలాగే ఉంది, విప్పబోతే మడత దగ్గర విరిగి చేతికొచ్చింది. దయానిధిని తల్లి గురించి లోకం అన్న మాటలు వెంటాడతాయి. మా అమ్మని ఎవరూ ఏమీ అనలేదు, నేనే ఆవిణ్ణి ఏమీ అడగలేదు. అయినా అతను తల్లిని తలుచుకునే చోటల్లా పేజీ తిప్పలేక పుస్తకం బోర్లించి పెట్టేసేదాన్ని. రాత్రికి రెండు పేజీలు, కొన్నిసార్లు అదీ లేదు. 1946-47లో ఇది సీరియల్‌గా వచ్చిందట, అలా ఆగి ఆగి చదవడమే దీనికి సరైన పద్ధతేమో అనిపించింది.

ఇంకో మాట. ‘మిగుల సంతోషించెను’లో మిగుల అంటే బాగా ఎక్కువగా. మిక్కిలి కూడా ఆ కుటుంబమే, తమిళంలో ‘మిగు’ అన్నా హెచ్చడమే. అంటే ఏదైనా మిగలడం వెనక పట్టక పొర్లడం ఉంది. ‘శేషం’ అన్నప్పుడు నాకు ఆ పొర్లడం వినపడదు.

జవాబు: బాగా చెప్పారండీ. ‘మిగిల్చేది’ అని పెట్టినా అర్థం వచ్చేదేగా?

నా జవాబు: రాదనుకుంటానండీ. మిగిల్చేది అంటే మిగిల్చేవాళ్లు ఒకరుండాలి. అమ్మ ఏం మిగిల్చిందని చాలామంది అడిగారు, దానికి నా దగ్గర లెక్క ఉంది. ‘మిగిలేది’కి కర్త తనే, ఎవరి చేతా లేదు. అన్నట్టు, "మిగిలేది"ని గతంలో అలవాటుగా జరిగినదానికి మీరు కూడా వాడతారా, లేక "మిగులుతుండేది" అనే అంటారా?