పాలితోవా పగడాలను ఇంటి అక్వేరియంలో ఉంచుకోవడం సమంజసమేనా?

ఉప్పునీటితొట్టి:
నాలుగేళ్లుగా ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, నడుపుతున్నాను. మొదట్లో కొన్న, జీవులు నివసించే ఒక సముద్రపు రాయికి, అంటే లైవ్ రాక్‌కు అంటుకొని వచ్చిన గోధుమరంగు పూలలాంటి చిన్న జీవులు, అంటే పాలిప్‌లు ఇప్పుడు ఆ రాయినంతా కప్పేసి, పక్కనున్న పగడాల మీదికి పాకుతున్నాయి. రాయిని బయటకు తీసి మరిగే నీళ్లు పోస్తే వదిలిపోతాయని అనుభవజ్ఞుడైన ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. అవి పాలితోవాలైతే, ఆ పని చేసినందుకు ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలవుతారని మరొకరు హెచ్చరించారు. రెండో ఆయన అంతటితో ఆగక, ఆ జీవులను ఇళ్లలో పెంచడమే తప్పనీ, వాటి అమ్మకాన్నే నిలిపివేయాలనీ అన్నారు. మా ఇంట్లో ఐదేళ్ల పాప, వృద్ధురాలైన మా అమ్మ ఉన్నారు కనుక ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. పెద్దల అభిప్రాయం కోరుతున్నాను.

పగడాలపెరడు:
మరిగే నీళ్ల విషయంలో మీ రెండో మిత్రుని మాటే సరైనది. అక్కడ చర్చకు తావు లేదు. ఈ జీవుల్లో ఉండే పాలిటాక్సిన్ అనే విషం మామూలు వేడికి నశించదు సరికదా, మరిగేటప్పుడు లేచే ఆవిరితో, తుంపరలతో గాలిలో కలిసి నేరుగా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

అయితే ఇళ్లలో అసలు ఉంచకూడదన్న వాదన నాకు సమ్మతం కాదు. విషం వాటి కణజాలంలోనూ, అవి విడిచే జిగురులోనూ ఉంటుంది కానీ, తన మానాన తాను నీళ్లలో విచ్చుకొని ఉన్న గుంపు గదిలోని గాలిని పాడుచేయదు. కోసినప్పుడు, గీకినప్పుడు, బ్రష్షుతో రుద్దినప్పుడు, వేడి చేసినప్పుడు ప్రధానంగా ప్రమాదం మొదలవుతుంది, అంటే అది మన చేతుల్లో ఉన్న ప్రమాదమే. పైగా వీటికి దగ్గరి బంధువులైన జోయాంథస్‌లనూ పాలితోవాలనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. దుకాణాల్లో దొరికే నమూనాలను పరీక్షించి 2011లో ప్రచురించిన ఒక పరిశీలనలో కొన్ని పాలితోవాల్లో విషం చాలా ఎక్కువగా ఉండగా, జోయాంథస్‌లలో అది కనిపించలేదు, లేదా స్వల్పంగానే కనిపించింది. పాలితోవా తన ఒంట్లోకి ఇసుక రేణువులను పొదువుకుంటుంది కనుక కాడను తాకితే గరుకుగా ఉంటుంది. జోయాంథస్‌కు ఆ లక్షణం లేదు. (తాకి చూడమని నేను ఎవరికీ చెప్పడం లేదు.)

రాత్రివార్డు:
నేను వైద్య వృత్తిలో ఉన్నాను, ఇంట్లో ఒక చిన్న రీఫ్ ట్యాంకు కూడా ఉంది. పగడాలపెరడు గారు చెప్పిన విషయాలను కాదనను కానీ, వాటి నుంచి ఆయన తీసిన తీర్పును ఒప్పుకోలేను.

మన కణాల పైపొరల్లో సోడియాన్ని బయటకు, పొటాషియాన్ని లోపలికి తోసే పంపు ఒకటి నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. పాలిటాక్సిన్ వెళ్లి ఆ పంపుకు అతుక్కొని, దానిని మూతపడని రంధ్రంగా మార్చివేస్తుంది. దాంతో సోడియం లోపలికి, పొటాషియం బయటకు అదుపు లేకుండా ప్రవహిస్తాయి. గుండె, కండరాలు, నరాలు అన్నీ ఆ పంపు మీదనే ఆధారపడి ఉన్నాయి కనుక దెబ్బ ఒక్క అవయవంతో ఆగదు. నోట్లో లోహపు చేదు, జ్వరం, వణుకు, దగ్గు, ఆయాసం, ఒళ్లునొప్పులు కనిపిస్తాయి. కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర పుండుపడే ప్రమాదం ఉంది. లక్షణాలు కొన్ని గంటల తరవాత బయటపడవచ్చు కాబట్టి, రోగి మామూలు ఫ్లూ అనుకుంటాడు, అక్వేరియం సంగతి చెప్పకపోతే వైద్యుడూ అలాగే అనుకుంటాడు. దీనికి విరుగుడు మందు లేదు. లక్షణాలను బట్టి ఆసరా ఇవ్వడమే చికిత్స.

2018లో ఇంగ్లండులోని స్టీవెంటన్ గ్రామంలో అక్వేరియం నుంచి తీసిన పగడాన్ని శుభ్రం చేస్తుండగా విషం గాలిలో కలవడంతో, ఆ కుటుంబంలోని ఆరుగురితో పాటు సహాయానికి వెళ్లిన నలుగురు అత్యవసర సిబ్బందిని కూడా ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది. పెంచేవాడు తెలిసి ప్రమాదాన్ని నెత్తిన వేసుకోవచ్చు, కానీ పక్క గదిలో నిద్రపోయేవాళ్లను ఎవరు అడిగారు? హవాయి దీవుల్లోని హానా ప్రాంతవాసులు ఈ జీవి ఉండే నీటిగుంటను నిషిద్ధంగా భావించి, దానిని ప్రాణాంతకమైన నాచు అని పిలిచేవారు. అది నాచు కాదన్న సంగతి, అందులోని విషమేమిటన్న సంగతి శాస్త్రవేత్తలు 1971లో ప్రకటించారు. పేరు తప్పయినా వాళ్ల జాగ్రత్త తప్పు కాలేదు.

పగడాలపెరడు:
పక్క గదిలోని వారి ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేదు, అందువల్ల ఒక మెట్టు దిగుతున్నాను. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు ఉండే ఇంటికి పాలితోవా తగదు. అమ్మకాన్ని నిషేధించాలన్న మాటను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను, ఎందుకంటే ఈ తొట్టిలోకి వచ్చినట్టే అవి రాళ్లకు అంటుకొని పేరు లేకుండా వస్తాయి. చట్టం పేరున్నదాన్నే పట్టుకోగలదు. అమ్మేవారు జాతి పేరు, ప్రమాదం రెండూ చెప్పి తీరాలనడం అంతకంటే మేలు.

రాయిని తీసే పని ఇలా చేయండి. పిల్లలను, పెంపుడు జంతువులను ఇంటికి దూరంగా పంపి, కిటికీలు తెరవండి. పొడవాటి నైట్రైల్ గ్లౌజులు, పక్కలు మూసుకుపోయిన కళ్లజోడు తప్పనిసరి. చేతిమీద చిన్న గాయం ఉన్నా ఆ రోజుకు పని మానుకోండి. రాయిని గీకకుండా, విరవకుండా, వీలైతే నీటిలోనే ఒక మూత ఉన్న బకెట్‌లోకి మార్చి బయటకు తీసుకెళ్లండి. అప్పటికప్పుడు కలిపిన బ్లీచ్ ద్రావణంలో దానిని ముంచి రాత్రంతా వదిలేయండి, ఎందుకంటే వేడికి సాధ్యం కాని పనిని, అంటే విషాన్ని నశింపజేయడాన్ని, బ్లీచ్‌లోని సోడియం హైపోక్లోరైట్ చేస్తుంది. బ్లీచ్‌లో ఆమ్లమేదీ కలపవద్దు. వాడిన పనిముట్లను, గ్లౌజులను కూడా అదే ద్రావణంలో ముంచండి. ట్యాంకు ఫిల్టరులో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేయండి.

రాత్రివార్డు:
మాస్కు గురించి ఒక్క మాట. అది తుంపరలను కొంత ఆపుతుందే తప్ప, మాస్కు ఉంది కదా అని రాయిని గీకడానికి అనుమతి కాదు. రాయి ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ గంటకు పని చేశారో ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. ఆ రాత్రి ఎవరికైనా ఆయాసమో జ్వరమో వస్తే వైద్యునికి ముందు ఆ కాగితం చూపించమనండి.

ఉప్పునీటితొట్టి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆదివారం పాపను, అమ్మను బంధువుల ఇంటికి పంపి రాయిని తీసేస్తున్నాను, మరిగే నీళ్ల ఆలోచన మానుకున్నాను. ఈ చర్చ చదువుతుంటే ఇంకొకటి గుర్తుకొచ్చింది. గత ఏడాది ఆ రాయి నుంచే ఒక ముక్కను ఉత్త చేతులతో విరిచి, పెంచుకునే పిలకగా, అంటే ఫ్రాగ్‌గా ఒక మిత్రునికి ఇచ్చాను. దాని పేరు నాకే తెలియదు కనుక ఆయనకూ చెప్పలేదు. ఇప్పుడే ఆయనకు ఫోన్ చేస్తున్నాను.