26వ నార్త్ కరొలైనా పటాలం: గెట్టిస్‌బర్గ్ నష్టం 588నా, 687నా?

ప్రశ్న:
నమస్కారమండీ. మేం రాలీ పక్కన కేరీలో ఉంటాం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. అమెరికా అంతర్యుద్ధం ప్రాజెక్టుకి కాన్ఫెడరేట్ (దక్షిణాది) సైన్యంలోని 26వ నార్త్ కరొలైనా రెజిమెంట్‌ని తీసుకున్నాడు. గెట్టిస్‌బర్గ్‌లో జరిగిన మూడు రోజుల యుద్ధంలో వీళ్ళ క్యాజువల్టీస్ ఒకచోట 588 అని, ఇంకోచోట 687 అని ఉంది. ఒకటి మొదటి రోజుది, ఇంకోటి మూడో రోజుది అనుకుని రెండూ కూడి 1275 వేశాడు. యుద్ధానికి దిగిందే 800 పైచిలుకు మంది అని అదే పేజీలో పైన రాశాడు! సోమవారం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఏది రాయమంటారు?

జవాబు:
కూడొద్దండీ. రెండూ ఒకే నష్టానికి రెండు లెక్కలు.

588 అన్నది యుద్ధం అయిన వెంటనే తీసిన లెక్క: 86 మంది మృతులు, 502 మంది క్షతగాత్రులు. శత్రువుకి చిక్కినవాళ్ళు, ఆచూకీ లేనివాళ్ళు అందులో లేరు. నష్టంలో ఎక్కువ భాగం 1863 జులై 1నే జరిగింది కాబట్టి చాలామంది దాన్ని మొదటి రోజు లెక్కగా రాసేస్తారు. 687 తర్వాతి కాలంలో రికార్డులు సరిచూసి వేసింది: 172 మృతులు, 443 క్షతగాత్రులు, 72 మంది చిక్కినవాళ్ళు, ఆచూకీ లేనివాళ్ళు. మృతులు రెట్టింపు ఎందుకయ్యారో మీ అబ్బాయిని అడగండి. గాయాలతో తర్వాత ఆసుపత్రుల్లో పోయినవాళ్ళు మొదటి జాబితాలో క్షతగాత్రులుగానే ఉండిపోయారు. 687 రాసి, పక్కనే ఈ వివరం పెట్టమనండి. క్యాజువల్టీస్ అంటే చనిపోయినవాళ్ళు మాత్రమే అని మాత్రం రాయొద్దు. పెద్దవాళ్ళు కూడా చేసే పొరపాటు ఇది.

జులై 1న ఏం జరిగిందో కూడా రెండు ముక్కలు రాయించండి. విలోబీ రన్ అనే వాగు దాటి, ఎదురుగా చెట్లలో ఉన్న ఉత్తరాది వాళ్ళ 24వ మిషిగన్ పటాలం మీదికి వెళ్ళారు. పటాలం జెండా పట్టుకున్నవాడు పడితే ఇంకొకడు, వాడు పడితే ఇంకొకడు, అలా పదిమందికి పైగా కూలారు. అవతల మిషిగన్ వాళ్ళలో కూడా 496 మందికి 363 మంది క్యాజువల్టీస్. ఈ సంఖ్య లేకుండా ఆ పేజీ సగమే అవుతుంది.

ప్రశ్న:
చాలా థాంక్సండీ! కల్నల్ వయసు 21 అని రాశాడు. తప్పు పడిందా?

జవాబు:
తప్పు కాదు. హెన్రీ కింగ్ బర్గ్విన్ 1841 అక్టోబరులో పుట్టాడు. అంతకు ముందున్న కల్నల్ జెబులాన్ వాన్స్ 1862లో రాష్ట్ర గవర్నరుగా ఎన్నికై వెళ్ళిపోతే, ఇరవై ఏళ్ళకే పటాలం ఇతని చేతికొచ్చింది. గెట్టిస్‌బర్గ్‌లో జెండా తన చేతిలోకి తీసుకున్న కాసేపటికే తూటా తగిలి పోయాడు. శవపేటిక దొరక్క, తుపాకులు పెట్టే పెట్టెలో ఉంచి ఒక వాల్‌నట్ చెట్టు కింద పాతిపెట్టారు. 1867లో రాలీ తెచ్చి ఓక్‌వుడ్ శ్మశానంలో సమాధి చేశారు. మీకు దగ్గరే, ఆదివారం తీసుకెళ్ళండి.

అయితే, ఇతన్ని ఉత్త వీరుడిగా రాసి వదిలేయొద్దని నా మనవి. బర్గ్విన్ల కుటుంబానిది బానిసల చాకిరీతో నడిచిన తోటల ఎస్టేటు. ఆ వ్యవస్థని నిలబెట్టడానికే దక్షిణాది యుద్ధానికి దిగింది. పటాలంలో వేక్, చాథమ్, కాల్డ్‌వెల్ లాంటి కౌంటీల కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. అందరూ ఇష్టపడి చేరినవాళ్ళు కాదు. కీత్ బ్లాలాక్ అనే అతను ఒంటికి విషపు ఆకు రుద్దుకుని, దద్దుర్లు తెచ్చుకుని మరీ పటాలం నుంచి బయటపడ్డాడు. అతని భార్య మలిండా మగవేషంలో, తమ్ముడినని చెప్పి అదే కంపెనీలో (పటాలంలో ఒక చిన్న దళం) చేరింది. అతను బయటపడగానే తనూ ఆడదాన్నని చెప్పేసి వచ్చేసింది. తర్వాత ఇద్దరూ ఉత్తరాది వైపు పనిచేశారు.

ప్రశ్న:
ఇది వింటే మావాడు వదలడు! మామూలు సైనికుడి కాగితాలు ఎక్కడైనా చూడొచ్చా?

జవాబు:
సర్వీసు రికార్డులు వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పింఛను కాగితాలు మాత్రం అక్కడ వెతక్కండి. కాన్ఫెడరేట్ సైనికులకి పింఛను ఇచ్చింది ఫెడరల్ ప్రభుత్వం కాదు, రాష్ట్రాలు. ఆ దరఖాస్తులు రాలీలోని స్టేట్ ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి. గాయం ఎక్కడ తగిలిందో, ఇప్పుడు ఏ పని చేయలేకపోతున్నాడో వాటిలో రాసి ఉంటుంది. పేరుతో పాటు కౌంటీ, కంపెనీ అక్షరం కూడా రాసుకుని వెళ్ళండి. ఒకే పేరున్నవాళ్ళు చాలామంది తగులుతారు.