రోమ్‌లో మూడు రోజులు, వాటికన్ ఎప్పుడు పెట్టుకోవాలి?

అందరికీ నమస్కారం. మేమిద్దరం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం, వచ్చే నెల లాంగ్ వీకెండ్‌కి రోమ్ వెళ్తున్నాం, శుక్రవారం రాత్రి దిగి సోమవారం రాత్రి 8 గంటల ఫ్లైట్‌కి వెనక్కి. శనివారానికి కొలోసియం, రోమన్ ఫోరం టికెట్లు తీసేసుకున్నాను. చిక్కంతా వాటికన్ దగ్గరే. మ్యూజియంలు ఆదివారం మూసేస్తారు, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారట గానీ మేం వెళ్లేది ఆ వారం కాదు. సోమవారం పొద్దున్నే ఆ మ్యూజియంల్లోనే ఉన్న సిస్టీన్ చాపెల్ చూసేసి, పక్కనే ఉన్న సెయింట్ పీటర్స్ చర్చి గోపురం కూడా ఎక్కి ఫ్లైట్ అందుకోగలమా? మొత్తం 551 మెట్లు, లిఫ్ట్ తీసుకున్నా ఇంకా 320 ఎక్కాలి. మా ఆవిడకి మోకాళ్ల నొప్పి, అడిగితే తిరుమల నడిచి ఎక్కినదాన్ని నాకు ఇదొక లెక్కా అంటోంది (అది పెళ్లికి ముందు సంగతి). పైన దారి బాగా ఇరుకా, మధ్యలో ఆగడానికి చోటుంటుందా?

ఆదివారం బోర్గీస్ గ్యాలరీ అనుకుంటున్నాం. అక్కడ రెండు గంటలే ఉండనిస్తారు కాబట్టి మిగతా పూట పాంథియన్, ట్రెవీ ఫౌంటెన్ నడిచి చూడాలా, లేక ట్రాస్టెవెరే అనే పాత పేట వైపు వెళ్లడం మంచిదా?

ఇంకొకటి, మేం పక్కా శాకాహారులం. అక్కడి పాస్తాల్లో వేసే పెకొరీనో చీజ్‌కి పాలు గడ్డకట్టడానికి గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు కదా, మరి మీరంతా ఏం తిని నెట్టుకొచ్చారో చెప్పండి.