ఇన్వర్టర్‌కి ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ కొని సొంతంగా ప్యాక్ కట్టుకోవాలంటే ఏం చూడాలి?

ప్రశ్న (నల్లగొండ):
అన్నా అందరికీ నమస్తే. మా ఇంట్ల 12 వోల్ట్స్ 900 వీఏ ఇన్వర్టర్ ఉన్నది, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఖరాబైంది, నీళ్ళు పోసినా, ఛార్జింగ్ పెట్టినా పావుగంట కూడా ఆగుతలేదు. ఈసారి లిథియం సెల్స్ నాలుగు తెచ్చి నేనే కట్టుకుందామనుకుంటున్న. మూడు ఫ్యాన్లు, లైట్లు, టీవీ, వైఫై నడవాలె. ఎండాకాలంల కరెంటు పోతే రెండు మూడు గంటలు పోతది. 280 ఏహెచ్ సెల్స్ తీస్కో అని ఒకాయన చెప్తుండు, 100 ఏహెచ్ సరిపోతదా? ఏం చూసి కొనాలె? సోల్డరింగ్, మల్టీమీటర్ వాడుడు వస్తది.

జవాబు (విజయవాడ):
తమ్ముడూ, ముందు లెక్క వేసుకుందాం. మామూలు ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్స్, మూడింటికి 225, లైట్లకి 50, టీవీకి 80, రౌటర్‌కి 10, మొత్తం 365. ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలిపితే బ్యాటరీ నుంచి 430, 440 దాకా లాగుతుంది. ఎల్ఎఫ్‌పీ సెల్ 3.2 వోల్ట్స్, నాలుగు సిరీస్‌లో పెడితే 12.8, అంటే 100 ఏహెచ్ ప్యాక్‌లో 1280 వాట్ అవర్స్ ఉంటాయి, మీ లోడ్‌కి మూడు గంటలకి కాస్త తక్కువ వస్తుంది. 280 ఏహెచ్ అయితే ఎనిమిది గంటలు. వినడానికి బాగానే ఉంటుంది కానీ మీ ఇన్వర్టర్ ఛార్జర్ ఇచ్చేది ఏ 12, 15 ఆంప్సో ఉంటుంది, ఆ లెక్కన 280 ఏహెచ్ ఖాళీ నుంచి నిండాలంటే ఇరవై గంటలు పడుతుంది. 100 ఏహెచ్ తీసుకోండి, మిగిలిన డబ్బులు మంచి బీఎంఎస్ (సెల్స్‌ని కనిపెట్టి కాపాడే సర్క్యూట్ బోర్డు) మీద, ఫ్యూజు మీద పెట్టండి. వీలైతే రెండు ఫ్యాన్లు బీఎల్‌డీసీవి పెట్టించండి, 30 వాట్స్ చొప్పున తిరుగుతాయి, బ్యాటరీ పెంచడం కన్నా అదే నయం.

కొనేటప్పుడు అమ్మేవాడు అన్నీ ఏ గ్రేడ్ అనే చెప్తాడు, ఆ మాట పట్టించుకోకండి. సెల్ పైన క్యూఆర్ కోడ్ ఉంటుంది, మీకు పంపబోయే నాలుగు సెల్స్‌వే ఫోటోలు పెట్టమనండి, తయారైన తేదీ ఆ కోడ్‌లోనే ఉంటుంది. కోడ్ గీకేసి ఉంటే, లేదా పాతదాని మీద కొత్తది చెక్కి ఉంటే అక్కడితో వదిలేయండి. టెర్మినల్ మీద వెల్డింగ్ గీకిన గుర్తులు ఉన్నాయంటే అది ఏదో ప్యాక్ విప్పి తీసిన సెల్. డబ్బా పక్కలు ఉబ్బి ఉన్నాయేమో బల్ల మీద పెట్టి స్కేలు ఆనించి చూడండి. నాలుగూ ఒకే బ్యాచ్‌వి, ఏహెచ్, ఇంటర్నల్ రెసిస్టెన్స్ దగ్గర దగ్గరగా ఉన్నవి ఇవ్వమని అడగండి, తక్కువ వస్తే వెనక్కి తీసుకుంటానని వాట్సాప్‌లో రాయించుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, మూల నొక్కుకుపోయిన సెల్ వస్తే అదే మీ సాక్ష్యం. బీఎంఎస్, లగ్గులు, ఫ్యూజు లాంటివి కోఠి గుజరాతీ గల్లీలోనో రాణీగంజ్‌లోనో చూసి తెచ్చుకోవచ్చు, మీకు నల్లగొండ నుంచి ఒక పూట పని.

ఇంకో సభ్యుడు (కరీంనగర్):
మధ్యలో అడుగుతున్న, ఏమనుకోకుండ్రి. మా దగ్గర పాత స్కూటర్ బ్యాటరీలు విప్పి సెల్స్ సగం రేటుకే ఇస్తుండ్రు. అవి కట్టుకోవచ్చా? ఆన్‌లైన్‌ల 9800 ఎంఏహెచ్ అని చిన్న గుండ్రటి సెల్స్ కూడా కనపడుతున్నయ్.

జవాబు (విజయవాడ):
9800 అని రాసినవి పచ్చి మోసమండి. ఆ 18650 సైజు సెల్‌లో ఎంత మంచి కంపెనీదైనా 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే వస్తుంది.

స్కూటర్ సెల్స్ చాలావరకు ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండే లిథియం) రకం. అవి నిండితే 4.2 వోల్ట్స్, మూడు పెడితే 12.6, నాలుగు పెడితే 16.8, మన 12 వోల్ట్స్ ఇన్వర్టర్‌కి రెండూ కుదరవు. అసలు భయం అది కాదు. ఎన్ఎంసీ వేడెక్కి అదుపు తప్పితే లోపలి నుంచే ఆక్సిజన్ వదులుతుంది, మంట ఆర్పడం చాలా కష్టం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-స్కూటర్ల షోరూంలో అంటుకున్న మంటకి పైన లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు పడుకునే చోట ఎవరో వాడి పారేసిన సెల్స్ పెట్టుకోవద్దని చేతులెత్తి చెప్తున్నా. ఎల్ఎఫ్‌పీ వేడిని ఇంకా బాగా తట్టుకుంటుంది, అయినా అది కూడా పాడైతే మండే గ్యాస్ వదులుతుంది, అందుకని మెట్ల కింద గూట్లోనో పడగ్గదిలోనో పెట్టకండి, గాలి ఆడే వరండాలో ఎండ పడని మూల చూడండి. రేకుల కింద అసలు వద్దు, మన మే నెల ఎండకి సెల్స్ తొందరగా ముసలవుతాయి.

ప్రశ్న (నల్లగొండ):
థాంక్స్ అన్నా. 100 ఏహెచ్‌వే తీసుకున్న, నాలుగు వచ్చినయ్, క్యూఆర్ కోడ్‌లు మంచిగనే ఉన్నయ్. మీటర్ పెడితే మూడు సెల్స్ 3.297, 3.298, 3.296 చూపెడుతున్నయ్, ఒకటి మాత్రం 3.281. వాపస్ పంపాల్నా? బ్యాలెన్సింగ్ అంటుండ్రు కదా, అది బీఎంఎస్ చేస్కోదా?

జవాబు (విజయవాడ):
ఇప్పుడే పంపకండి. ఎల్ఎఫ్‌పీ వోల్టేజి మధ్యలో దాదాపు అడ్డంగా ఉంటుంది, 20 శాతం నుంచి 90 దాకా ఏ 3.25కీ 3.33కీ మధ్యే తిరుగుతుంది, అందుకని ఆ 16 మిల్లీ వోల్ట్స్ తేడాకి ఆ సెల్‌లో ఛార్జి కాస్త తక్కువుందని మాత్రమే అర్థం, పాడైందని కాదు. నాలుగింటినీ నింపి ఒక వారం ఊరికే పెడితే అప్పుడు అదొక్కటే కిందకి జారిందా, అది తిరిగి పంపాల్సిన సెల్.

బ్యాలెన్సింగ్ అంటే నాలుగు సెల్స్‌లో ఛార్జి సమానం చేయడం. బీఎంఎస్ చేసేది రోజువారీ చిన్న తేడాలు సర్దడానికి. మామూలు బీఎంఎస్‌లో బ్యాలెన్స్ కరెంటు చాలా తక్కువ, 10 ఏహెచ్ తేడా ఉందంటే రోజుల తరబడి పడుతుంది. మొదటిసారి మనమే చేసుకోవాలి. ముందు నాలుగూ సిరీస్‌లో పెట్టి, బీఎంఎస్ తగిలించి, బెంచ్ పవర్ సప్లైతో 14.2 వోల్ట్స్ దగ్గర 10 ఆంప్స్ ఇవ్వండి. ఏదో ఒక సెల్ నిండగానే బీఎంఎస్ కట్ చేస్తుంది. తర్వాత విప్పి నాలుగింటినీ ప్యారలల్‌లో పెట్టండి, ప్లస్‌లన్నీ ఒక వైపు, మైనస్‌లన్నీ ఒక వైపు, పెట్టే ముందు రెండుసార్లు చూసుకోండి. పవర్ సప్లై వైర్లు సెల్స్‌కి తగిలించకముందే 3.65కి సెట్ చేయండి, ఆ తర్వాత నాబ్ ముట్టుకోకండి. చాలామంది సెల్స్ పాడు చేసుకునేది ఇక్కడే. సన్న వైర్లు వాడతారు, వైర్లోనే వోల్టేజి పోయి కరెంటు 10 నుంచి మూడుకో నాలుగుకో పడిపోతుంది, తొందరగా అవ్వాలని నాబ్ 5 దాకా తిప్పేసి పడుకుంటారు, రాత్రి ఏ మూడింటికో సెల్స్ నిండి ఆ 5 వోల్ట్స్ నేరుగా వాటి మీద పడుతుంది, తెల్లారేసరికి ఉబ్బి కూర్చుంటాయి. వైర్లు లావువి, పొట్టివి వాడండి, మీరు మెలకువగా ఉన్నప్పుడే చేయండి. కరెంటు ఒక ఆంప్ కిందకి వచ్చిందంటే నిండినట్టే.

అయ్యాక మళ్ళీ సిరీస్‌లో పెట్టి కెపాసిటీ చూడండి. ఆటోమొబైల్ షాపులో 12 వోల్ట్స్ 55 వాట్స్ హెడ్‌లైట్ బల్బులు దొరుకుతాయి, నాలుగు ప్యారలల్‌లో పెడితే 18 ఆంప్స్ దాకా లాగుతాయి. ఖాళీ అయ్యేదాకా వెలిగించి ఎన్ని ఏహెచ్ వచ్చిందో బీఎంఎస్ యాప్‌లో చూడండి, ముందు 2.5కి పడిపోయిన సెల్ ఎంతిచ్చిందో మీ ప్యాక్ మొత్తం అంతే. అమ్మినాయనతో మాట్లాడాలంటే ఆ నంబరుతో మాట్లాడండి.

ప్రశ్న (నల్లగొండ):
బీఎంఎస్ 100 ఆంప్స్ డాలీ కంపెనీది తీస్కోనా, జేకే కంపెనీది తీస్కోనా? ఫ్యూజు బదులు ఇంట్ల ఉన్న ఎంసీబీ పెడితే నడుస్తదా? ఇన్వర్టర్‌ల ట్యూబులర్ మోడ్, ఎస్ఎంఎఫ్ (నీళ్ళు పొయ్యక్కర్లేని బ్యాటరీ) మోడ్ రెండే ఉన్నయ్.

జవాబు (విజయవాడ):
రెండూ పనిచేస్తాయి. జేకేలో యాక్టివ్ బ్యాలెన్సర్ (ఎక్కువున్న సెల్ నుంచి తక్కువున్నదానికి ఛార్జి పంపేది) ఉంటుంది, యాప్ బాగుంటుంది, కాకపోతే చాలా మోడల్స్ 8 సెల్స్ నుంచే మొదలవుతాయి, నాలుగు సెల్స్‌కి పనిచేసే మోడలేనా అని అడిగి తీసుకోండి. డాలీ అయితే కామన్ పోర్ట్‌ది తీసుకోండి, ఇన్వర్టర్‌కి ఛార్జింగూ లోడూ ఒకే వైర్ల మీద నడుస్తాయి. రోజువారీ వాడకానికి సెట్టింగుల్లో పై కట్ 3.6, కింద కట్ 2.8, బ్యాలెన్స్ 3.4 పైన మొదలయ్యేలా పెట్టండి.

ఇంటి ఎంసీబీ వద్దే వద్దు, అది ఏసీది. ఈ సెల్స్ షార్ట్ అయితే వేల ఆంప్స్ వస్తాయి, డీసీ ఆర్క్ దానికదే ఆరదు. క్లాస్ టీ ఫ్యూజు 125 ఆంప్స్ దొరికితే మంచిది, లేదంటే హెచ్ఆర్‌సీ ఫ్యూజు, దాని మీద డీసీ రేటింగ్ రాసి ఉండాలి. బ్యాటరీ ప్లస్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పెట్టండి. కేబుల్ 25 స్క్వేర్ ఎంఎం రాగిది, లగ్గులు క్రింపింగ్ టూల్‌తో నొక్కించుకోండి, సుత్తితో కొట్టినవి వేడెక్కుతాయి. సెల్ టెర్మినల్స్ అల్యూమినియం, బస్‌బార్ (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీ) పెట్టే ముందు స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది స్పిరిట్‌తో తుడవండి. సెల్స్ మధ్య ఎపాక్సీ షీట్ ముక్కలు పెట్టండి, ఆ నీలం ప్లాస్టిక్ తొడుగు చాలా పల్చన, లోపలి డబ్బా అల్యూమినియమే. రెండు వైపులా ప్లైవుడ్ పెట్టి థ్రెడ్ రాడ్లతో కదలకుండా బిగించండి, పిండేయకండి.

మోడ్ సంగతి మీటర్ పెట్టి తేల్చుకోవాలి. ట్యూబులర్ మోడ్‌లో కొన్ని ఇన్వర్టర్లు 14.4 దాటి పోతాయి, ఎస్ఎంఎఫ్ సాధారణంగా తక్కువ. ఎస్ఎంఎఫ్‌లో పెట్టి ఛార్జింగ్ చివర్లో బ్యాటరీ దగ్గర చదవండి, 14.0 నుంచి 14.4 లోపు ఆగితే అదే వాడుకోండి. దాన్ని దాటుతుంటే ఆ ఇన్వర్టర్ ఈ ప్యాక్‌కి పనికిరాదు, రోజూ బీఎంఎస్ కట్ చేసి కాపాడుతుందిలే అని వదిలేయకండి, బీఎంఎస్ ఉన్నది ఎప్పుడో ఒకసారి తేడా వస్తే ఆపడానికి.

చివరిగా, పని మొదలుపెట్టే ముందు ఉంగరం, కడియం తీసేయండి, స్పానర్‌కి చివర మాత్రం వదిలి మొత్తం ఇన్సులేషన్ టేప్ చుట్టండి. బీఎంఎస్ సన్న వైర్ల కనెక్టర్ గుచ్చకముందు నల్ల వైరు మీద ఒక ప్రోబ్ పెట్టి మిగతావి వరుసగా చదవండి, 3.3, 6.6, 9.9, 13.2 ఇలా మెట్లుమెట్లుగా రావాలి. వరుస తప్పితే గుచ్చిన క్షణంలో బీఎంఎస్ కాలిపోతుంది. ఆ నాలుగు రీడింగులు, వైరింగ్ ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను, అప్పుడే గుచ్చండి.