1/48 మిగ్-21 మోడల్: సిల్వర్ వేశాక వీపు మీద సీమ్ (అతుకు) గీత తేలింది, మొత్తం తీసేయాలా?

ప్రశ్న (బాబాయి కోసం మిగ్)

అందరికీ నమస్కారం. ప్లాస్టిక్ కిట్‌తో 1/48 సైజు (అసలు దానిలో 48వ వంతు) మోడల్ చేస్తున్నాను, మిగ్-21 యుద్ధవిమానంలో ఎఫ్‌ఎల్ అనే రకం. చివరికొచ్చి ఆగిపోయింది.

మా బాబాయి ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం మిగ్-21ల దగ్గరే. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వాటికి వీడ్కోలు పలికిన రోజు ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. ఒకటి చేసి ఆయన చేతిలో పెట్టాలని ఆ రోజే అనుకున్నాను. ఎఫ్‌ఎల్‌లు మొదట్లో రంగు లేకుండా ఒట్టి లోహంతో మెరిసేవి కదా, నాదీ అలాగే ఉండాలని సిల్వర్ ఎంచుకున్నాను.

బాడీ రెండు సగాలనీ పల్చటి ప్లాస్టిక్ సిమెంట్‌తో అతికించాను. రెండు గంటలాగి 400, తర్వాత 800 నంబర్ సాండ్ పేపర్‌తో రుద్దాను. వేలికి ఏమీ తగల్లేదు. గ్రే ప్రైమర్ కొట్టినా ఏమీ కనిపించలేదు. సిల్వర్ కొట్టిన మర్నాడు కిటికీ దగ్గర పక్కకి తిప్పి చూస్తే, కానోపీ (కాక్‌పిట్ మీది గాజు మూత) వెనక నుంచి తోక రెక్క దాకా వీపు మీద వెంట్రుకంత సన్నటి గాడి! రెక్కల మొదట్లో పేపర్ గీతలు కూడా, అన్నీ ఒకే దిక్కులో. నాకే కనిపిస్తుంటే ఆయనకి కనిపించకుండా ఉంటుందా? రెండు రోజులుగా దాని మొహం చూడలేదు.

మొత్తం పెయింట్ తీసేయాలా? సిల్వర్ మీదే పుట్టీ పెట్టొచ్చా? ఇంకొకటి, రెక్కల వెనక బాడీ చుట్టూ ఉంగరంలా ఒక గీత ఉంది. దాన్ని కూడా పూడ్చేయాలా? కానోపీ ఇంకా అతికించలేదు.

జవాబు (పాత ఎయిర్‌బ్రష్)

తమ్ముడూ, మొత్తం తీసేయకు. నీ విమానం బాగానే ఉంది, తొందర ఒక్కటే దెబ్బ కొట్టింది.

ప్లాస్టిక్ సిమెంట్ జిగురులా పైపైన అంటుకోదు, ప్లాస్టిక్‌నే కరిగించి కలుపుతుంది. కరిగిన చోట సాల్వెంట్ ఆరిపోవడానికి రోజులు పడుతుంది, ఆరేకొద్దీ అక్కడ ప్లాస్టిక్ లోపలికి కుంగుతుంది. నువ్వు రెండు గంటలకే రుద్దేశావు. అప్పుడు సమంగానే ఉండి ఉంటుంది, తర్వాత దిగింది. నేనైతే సీమ్‌ని కనీసం మూడు రోజులు ముట్టుకోను.

గ్రే ప్రైమర్‌లో కనిపించకపోవడానికి కారణం అది మ్యాట్‌గా ఉండటమే. వెలుతురుని అన్ని వైపులకీ చెదరగొడుతుంది. సిల్వర్ అద్దంలా తిప్పికొడుతుంది, ఏదీ దాచదు. లెక్క వేసి చూడు: 1/48లో 0.1 మి.మీ. గాడి అంటే అసలు విమానం మీద దాదాపు 5 మి.మీ. చీలిక.

సిల్వర్ మీద పుట్టీ మాత్రం వద్దు, కింద పెయింట్‌తో సహా ఊడొస్తుంది. సీమ్‌కి అటూ ఇటూ వేలెడు వెడల్పున పెయింట్‌ని ప్లాస్టిక్ కనిపించేదాకా రుద్ది తీసెయ్. గాడిలో సూది మొనతో సూపర్ గ్లూ చుక్కలు వరసగా పెట్టు. పుట్టీ అయితే ఆరాక కుంగుతుంది, ఇది కుంగదు. కానీ గట్టిపడిన గంటలోపే రుద్దాలి. రాత్రంతా వదిలేస్తే ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారవుతుంది. అప్పుడు పేపర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని తినేస్తుంది, గ్లూ మాత్రం గట్టులా నిలబడుతుంది.

వీపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి వేలితో నొక్కి రుద్దకు, పల్లం పడుతుంది. పేపర్‌ని సన్నటి పట్టీగా కత్తిరించి, బూట్లు పాలిష్ చేసే గుడ్డలా రెండు చివరలా పట్టుకుని అటూ ఇటూ లాగు. 600, 1000, 2000, అన్నీ నీళ్ళతో. పేపర్ మార్చినప్పుడల్లా దిక్కు కూడా మార్చు. 1000తో అడ్డంగా రుద్దుతుంటే 600 గీతలు ఎక్కడ మిగిలాయో నిలువుగా కనిపిస్తాయి, అవి పోయేదాకా 2000 తీయొద్దు. నీ రెక్కల దగ్గర గీతలు 400వి అయ్యుంటాయి, 800 వాటిని పూర్తిగా తీయలేదు.

తర్వాత ప్రైమర్ కంటే ముందు, అదే సిల్వర్‌ని బ్రష్‌తో సీమ్ వెంట మాత్రమే పల్చగా రాయి. గది చీకటి చేసి టేబుల్ లైట్‌ని ఏటవాలుగా పెట్టి చూడు. గీత ఉంటే అప్పుడే తెలిసిపోతుంది.

మళ్ళీ కొట్టేటప్పుడు సిల్వర్ కింద నిగనిగలాడే నలుపు వేసుకో. దాన్ని రెండు రోజులు ఆరనివ్వు. నలుపు ఎంత నునుపుగా ఉంటే సిల్వర్ అంత లోహంలా వస్తుంది. ఒకేసారి తడిసేలా కాకుండా పొగలా పల్చగా, నాలుగైదు సార్లు. ప్యానెల్ లైన్ (రేకుకీ రేకుకీ మధ్య గీత) దాకా మాస్కింగ్ టేప్ వేసి ఆ ప్యానెల్ వరకే కొట్టు. పక్క ప్యానెల్‌తో ఛాయ కొంచెం తేడా వస్తే రానీ, ఒట్టి లోహపు విమానాల మీద రేకు రేకుకీ ఛాయ మారుతుంది. టేప్‌ని ముందు అరచేతికి రెండుసార్లు అంటించి తీస్తే జిగట తగ్గుతుంది, కింది సిల్వర్ లేవదు.

జవాబు (తోక భాగం)

ఆ ఉంగరం గీతని పూడ్చకండి, దయచేసి! అది కిట్‌లో లోపం కాదు. మిగ్-21లో ఇంజిన్ తీయాలంటే తోక భాగాన్ని మొత్తం బాడీ నుంచి విడదీసి వెనక్కి లాగాలి. బాడీ రెండుగా విడిపోయే చోటు అదే. మీ బాబాయి గారు ముందు చూసేది ఆ గీతనే అనుకుంటాను. వీపు సీమ్ రుద్దేటప్పుడు ఆ గీత పైభాగం అరిగిపోతుంది, మందపాటి టేప్‌ని అంచుగా అంటించి స్క్రైబర్‌తో (గీతలు చెక్కే పనిముట్టు) మళ్ళీ గీయండి. గట్టిగా ఒక్కసారి కాదు, తేలిగ్గా ఐదారు సార్లు.

ముక్కులోని కోన్‌కి సిల్వర్ కొట్టేశారా? అది లోహం కాదు. లోపల రాడార్ ఉంటుంది, తరంగాలు దాటి వెళ్ళే పదార్థంతో చేస్తారు. దానికి వేరే రంగు పడాలి.

జవాబు (గాజు భయం)

కానోపీ దగ్గరకి సూపర్ గ్లూ తీసుకెళ్ళకండి. దాని ఆవిరి తగిలితే గాజు మీద తెల్లటి పొగ పడుతుంది. ఒక మిరాజ్ విమానం మోడల్‌కి నాకు అలా అయింది, కాక్‌పిట్‌లో మూడు వారాల పని ఆ పొగ వెనక ఉండిపోయింది. తెల్ల పీవీఏ గ్లూ చాలు, ఆరితే కనిపించదు. ఎఫ్‌ఎల్‌లో కానోపీ ముందు అద్దంతో కలిసి ఒకే ముక్కగా ముందుకి లేస్తుంది. తెరిచి పెట్టే ఆలోచన ఉంటే ఆ తీరులోనే పెట్టండి, పక్కకి తెరుచుకునేది తర్వాతి రకాల్లో.

బాబాయి కోసం మిగ్

అందరికీ చాలా థాంక్స్. అన్నా, మీరు చెప్పినట్టే వీపు రుద్దాను. సిల్వర్ రాసి చూస్తే మొదటిసారి తోక రెక్క దగ్గర అంగుళం మేర గీత మిగిలింది, మళ్ళీ గ్లూ పెట్టి రుద్దాను. రెండోసారి ఏటవాలు లైట్‌లో ఎంత వెతికినా దొరకలేదు. లైట్ తీయబుద్ధి కాలేదు, అలాగే తిప్పి తిప్పి చూశాను.

ఉంగరం గీత సంగతి విన్నాక బాబాయికి ఫోన్ చేశాను. మోడల్ మాట చెప్పకుండా, మిగ్‌లో ఇంజిన్ ఎలా తీసేవాళ్ళు బాబాయ్ అని అడిగాను. అరగంట మాట్లాడారు. తోకని బండి మీదకి ఎలా ఆనించేవాళ్ళో, తిరిగి కలిపేటప్పుడు చుట్టూ సందు సమంగా వచ్చిందో లేదో గోరుతో ఎలా చూసేవాళ్ళో చెప్పారు. ఫోన్ పెట్టేసి నేనూ గోరు పెట్టి చూశాను. ఎడమ వైపు లోతు తక్కువగా ఉంది, మళ్ళీ గీశాను.

కోన్‌కి సిల్వర్ కొట్టేశాను నిజమే, తీసేస్తున్నాను. శనివారం నలుపు వేస్తాను. ఒక్క సందేహం: ఉంగరం గీతలో వాష్ (గీతల్లోకి దిగే పల్చటి రంగు) పూర్తి నలుపు పోయాలా, ముదురు బూడిద రంగా?

పాత ఎయిర్‌బ్రష్

ముదురు బూడిద. సిల్వర్ మీద నలుపు మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. వాష్ మాత్రం సిల్వర్ కనీసం రెండు రోజులు ఆరాకే పొయ్యి.