తమ్ముడికి గొంతులు వినిపించడం ఆగింది, కానీ మంచం దిగట్లేదు. ఇక ఏం చేయాలి?

పెద్దక్క అడిగారు:

మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. నిరుడు స్కిజోఫ్రీనియా అని తేల్చారు. ఒలాంజపైన్ అనే మందు మొదలుపెట్టాక గొంతులు వినిపించడం, ఎవరో తన ఫోన్ వింటున్నారన్న అనుమానం చాలావరకు పోయాయి. గండం గడిచిందనుకున్నాం. ఇప్పుడేమో మధ్యాహ్నం దాకా లేవడు. స్నానం చేయరా అంటే "చేస్తాలే" అని గోడవైపు తిరిగి పడుకుంటాడు. స్నేహితులు ఫోన్ చేస్తే ఎత్తడు. పాత ప్యాంట్లు ఒక్కటీ పట్టడం లేదు. నాన్న "ఒట్టి బద్ధకం" అంటారు, అమ్మ ఏడుస్తుంది. డాక్టరేమో "గొంతులు వినిపిస్తున్నాయా? లేదా? సరే, అదే మందు వాడండి" అని రెండు నిమిషాల్లో పంపేస్తున్నారు. ఈలోగా వీడు మాత్రలు మానేస్తానని మొదలుపెట్టాడు. వీడి బతుకు ఇంతేనా? నేను ఇంకేం అడగాలి?

నీలిగొడుగు:

అక్కా, ముందుగా నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఇది బద్ధకం కాదు, జబ్బులో ఒక భాగం. డాక్టర్లు నెగటివ్ సింప్టమ్స్ అంటారు: ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాకపోవడం, నలుగురిలోకి వెళ్లలేకపోవడం, మాట తగ్గిపోవడం. 1952లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడకం మొదలైనప్పటి నుంచి ఈ జబ్బుకు వచ్చిన మందుల్లో దాదాపు అన్నీ మెదడులో డోపమైన్ అనే రసాయనం మీదే పనిచేస్తాయి. గొంతుల్ని, అనుమానాల్ని బాగా తగ్గిస్తాయి. ఉత్సాహాన్ని మాత్రం అంతగా తిరిగి తేలేవు. గొంతులు ఆగాయి కాబట్టి వైద్యం అయిపోయిందని మా ఇంట్లోనూ చెప్పారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

అయితే మంచం మీద పడి ఉండటమంతా అదే అనుకోవద్దు. మందు మత్తు కావచ్చు, డిప్రెషన్ కావచ్చు. మూడింటికీ చేయాల్సింది వేరు. "ఇది వీటిలో ఏది?" అని డాక్టర్ని సూటిగా అడగండి.

మాత్రలు ఎందుకు మానాలనుకుంటున్నాడో తమ్ముణ్ణే అడగండి. మా అన్నయ్య గడియారాలు బాగుచేసేవాడు. వేరే మందు వాడుతున్న రోజుల్లో చెయ్యి వణికి, పట్టకారుతో పట్టుకున్న స్క్రూ జారిపోయేది. నేల మీద పాకుతూ దాన్ని వెతికేవాడు. అందుకే మాత్రలు దిండు కింద దాచేశాడు. అందరూ "వాడికి జబ్బుందన్న తెలివి లేదు" అన్నారు తప్ప చెయ్యి చూసినవాళ్లు లేరు. తర్వాతిసారి ఒక కాగితం మీద వాడి మాటల్లోనే రాసుకుని వెళ్లాం: "చేతులు వణుకుతున్నాయి, నా పని నేను చేసుకోలేకపోతున్నాను." డాక్టరు అది చదివి చేతులు చాపమన్నారు, చూశారు, మందు మార్చారు. రెండు నిమిషాల అపాయింట్‌మెంట్‌లో కూడా అలాంటి కాగితం పనిచేస్తుంది.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఒలాంజపైన్‌తో బరువు, షుగర్, కొలెస్ట్రాల్ పెరగడం మామూలే. ఈ జబ్బున్నవాళ్లు తొందరగా పోవడానికి గుండె జబ్బుల్లాంటి శారీరక కారణాలు పెద్ద భాగం. నడుము కొలత, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు అడగండి. బరువు తక్కువ పెంచే అరిపిప్రజోల్ లాంటి దానికి మార్చవచ్చా, లేక మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు జోడించాలా అన్నది డాక్టరే తేల్చాలి, కానీ ఆ ప్రశ్న మీరు వెయ్యాలి.

ఇంకొకటి. ఇంట్లో సణుగుడు, దెప్పిపొడుపులు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త వాళ్ల కాలం నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. దీనర్థం జబ్బు తల్లిదండ్రుల వల్ల వచ్చిందని కాదు, ఆ మాట అమ్మగారికి తప్పకుండా చెప్పండి. కుటుంబానికి కౌన్సెలింగ్ ఇప్పిస్తే తిరగబెట్టడం తగ్గుతుంది.

మెల్లగా_నడక:

నేనే పేషెంట్‌ని. నా అనుభవం చెబుతాను. గొంతులు పోయిన కొత్తలో నా చుట్టూ ఏమీ మిగలలేదనిపించింది. చదువు ఆగింది, స్నేహితులు పోయారు, బయట అందరూ నా గురించే మాట్లాడుకుంటారన్న సిగ్గు. "లే, బయటికి పో" అంటే ఇంకా ముడుచుకునేవాణ్ని. మా చెల్లి "నాతో మందుల షాపు దాకా రా, లోపలికి రానక్కర్లేదు" అనేది. దానికైతే లేచేవాణ్ని.

ఇప్పుడు ఒక లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేస్తున్నాను. ఒకేసారి మూడు పనులు చెబితే గుర్తుండవు (జ్ఞాపకశక్తి మీద కూడా ఈ జబ్బు దెబ్బకొడుతుంది), అందుకని మా సూపర్‌వైజర్ చీటీ మీద రాసిస్తారు. "పూర్తిగా బాగయ్యాక ఉద్యోగం" అని ఏళ్లు కూర్చోబెట్టడం నాకు నచ్చని మాట. ముందు నచ్చిన పనిలో చేర్చి, పక్కన ఉండి సాయం చేసే పద్ధతి ఎక్కువమందికి ఉద్యోగం నిలబెడుతుందని పరిశోధనల్లో తేలింది.

రోజూ మాత్ర దగ్గర గొడవ మా ఇంట్లోనూ ఉండేది. నెలకోసారి ఇంజెక్షన్‌కి మారాక ఆ గొడవ పోయింది. మూడు నెలలకు, ఆరు నెలలకు ఒకసారి వేసేవీ ఉన్నాయి. కానీ బలవంతంగా కాదు, తమ్ముడు సరేనంటేనే.

వార్డు_నర్సు:

రెండు ముక్కలు. తమ్ముడు సిగరెట్ తాగితే డాక్టరుకి చెప్పండి. పొగ వల్ల రక్తంలో ఒలాంజపైన్ తగ్గుతుంది, హఠాత్తుగా మానేస్తే పెరిగి మత్తు ఎక్కువవుతుంది. ఏ మందునైనా సొంతంగా ఒక్కసారిగా ఆపనివ్వకండి.

మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా, చదివే మిగతావాళ్ల కోసం: రెండు మందులు సరైన డోసులో, ఒక్కొక్కటీ కనీసం ఆరు వారాలు వాడినా గొంతులు తగ్గకపోతే క్లోజపైన్ అనే మందు గురించి అడగండి. 1988లో జాన్ కేన్ అనే మానసిక వైద్యుడి బృందం అలాంటి మొండి కేసుల మీద చేసిన పరీక్షలో క్లోజపైన్‌తో 30 శాతం మంది మెరుగుపడ్డారు, క్లోర్‌ప్రోమజైన్‌తో 4 శాతమే. తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి రక్తపరీక్షలు తప్పవు, మలబద్ధకాన్ని కూడా నిర్లక్ష్యం చేయకూడదు. ఆ భయంతోనే ఈ మందును ఏళ్ల తరబడి వాయిదా వేస్తుంటారు. చూస్తుంటే బాధేస్తుంది.

అలాగే, చనిపోవాలనిపిస్తోందా అని తమ్ముణ్ణి నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పెద్దక్క:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి అడిగాను. చావు ఆలోచనలేం లేవన్నాడు. పొద్దున్నే తల దిమ్ముగా ఉంటుంది, లావైపోయానని స్నేహితులకి మొహం చూపించలేనన్నాడు. అదే కాగితం మీద వాడిచేతే రాయించాను. కానీ డాక్టరు గదిలోకి నేను రావద్దంటున్నాడు. ఎలా?

నీలిగొడుగు:

ముందు వాణ్ణి ఒంటరిగా వెళ్లనివ్వండి. చివరి రెండు నిమిషాలు మీరు రావచ్చా అని వాణ్ణే అడగండి. కాదన్నా, వాడికి ముందే చెప్పి, మీరు గమనించినవి రాసి డాక్టరుకి పంపండి. మీ తమ్ముడి విషయాలు ఆయన మీకు చెప్పకపోవచ్చు, మీరు చెప్పేది వినడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఆ కాగితం మీద మీ రాత వద్దు, వాడిదే ఉండనివ్వండి.