చెస్‌లో మూడుసార్లు అదే పొజిషన్ వచ్చినా డ్రా ఎందుకివ్వలేదు?

ఒంగోలు అమ్మ:
మావాడికి పదేళ్లు. నిన్న అండర్-11 జిల్లా సెలక్షన్‌లో నాలుగో రౌండు. రెండు బంట్లు తక్కువ, ఓడిపోయే ఆటే. కానీ అవతలి పాప కింగ్ జీ7, జీ8 గళ్ల మధ్య తిరుగుతుంటే వీడు రూక్‌ (ఏనుగు)తో ఏ7లో చెక్, ఏ8లో చెక్, మళ్లీ ఏ7లో చెక్ ఇస్తూ పోయాడు. మూడోసారి ఏ7లో పెట్టి, క్లాక్ నొక్కి, చెయ్యెత్తి డ్రా అన్నాడట. ఆర్బిటర్ (రిఫరీ) గారు "ఇప్పుడు నీ టర్న్ కాదు నాన్నా, ఆడండి" అన్నారట. ఈలోగా ఆ పాప తేరుకుని కింగ్‌ని హెచ్6కి జరిపేసింది. జీ6లో బంటు అడ్డం, ఇక చెక్ లేదు. పది ఎత్తుల్లో అయిపోయింది.

మమ్మల్ని హాల్లోకి రానివ్వరు కదా, కిటికీలోంచి వాడి వీపే కనిపించింది. బయటికొచ్చాక ఇడ్లీ పొట్లం కూడా విప్పలేదు. మూడుసార్లు వస్తే డ్రానే కదండీ? ఫోన్లో ఆడితే దానంతటదే అయిపోతుంది. అప్పీల్ చేయాల్సిందా?

విజిల్ లేని అంపైర్:
మేడమ్, ఆర్బిటర్ చేసింది కరెక్టే. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రూల్స్‌లో డ్రా అడిగే హక్కు ఎత్తు వేయాల్సినవాళ్లదే. బాబు వేసేసి క్లాక్ నొక్కాక ఆ హక్కు పాపది. రూక్‌ని ముట్టుకోకుండా, వేయబోయే ఎత్తుని స్కోర్‌షీట్‌లో (ఎత్తులు రాసుకునే కాగితంలో) రాసి, క్లాక్ ఆపి, ఆర్బిటర్‌ని పిలిచి చెప్పాలి. ముట్టుకుంటే ఆ ఎత్తుకి ఛాన్స్ పోయినట్టే. అడిగింది తప్పని తేలినా అవతలివాళ్లకి 2 నిమిషాలు కలుపుతారు, అంతే. అందుకని భయపడి మానేయొద్దు. అదే పొజిషన్ 5 సార్లు వస్తే మాత్రం ఎవరూ అడక్కపోయినా డ్రానే.

గుంటూరు నాన్న:
మా అమ్మాయికి రూల్ తెలుసు, అయినా అడగలేదు. ఆర్బిటర్ని పిలవడమంటే హెడ్మాస్టర్ని పిలిచినట్టు అనుకుంది! ఫోన్ అలవాటేనండీ ఇదంతా. అక్కడ పెన్నూ ఉండదు, చెయ్యెత్తడమూ ఉండదు.

ఒంగోలు అమ్మ:
థాంక్సండీ, ఇద్దరికీ. నిన్నంతా ఆర్బిటర్ గార్ని మనసులో తిట్టుకున్నాను, పాపం. రాత్రి బోర్డు పరిచి నేనే ఆ పాపనయ్యాను. ఏ7 వచ్చేసరికి వాడి చెయ్యి పెన్ను వదిలేసి రూక్ మీదకే పోయింది. రెండుసార్లూ అంతే. ఆ తర్వాత రాశాడు, చెయ్యెత్తాడు. వంటింట్లోంచి వాళ్ల నానమ్మ చూసి, "ఏం కావాల్రా?" అంది.